వేగం కబురు తెగినప్పుడు

యంత్రాన్ని నిలకడైన వేగంతో నడపాలంటే, అది ఎంత వేగంగా తిరుగుతోందో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. ఆవిరి యంత్రానికి ఆ కబురు అందించినది జేమ్స్ వాట్ 1788లో అమర్చిన గవర్నర్. వేగం పెరిగితే దాని రెండు ఇనుప గుళ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి. వేగం పడిపోతే కిందికి దిగి ఆవిరిని పెంచుతాయి. చాలా మిల్లుల్లో గవర్నర్‌ను తిప్పేది ఒక బెల్టు. అది తెగితే గుళ్లు కిందికి దిగిపోతాయి, ఇంజన్ ఆగిపోతోందని ఆవిరి ద్వారం బార్లా తెరుచుకుంటుంది. టన్నుల బరువున్న ఫ్లైవీలు అదుపు తప్పిన ఆ వేగానికి తట్టుకోలేక ముక్కలై గోడలు బద్దలుకొట్టిన ప్రమాదాలు పందొమ్మిదో శతాబ్దంలో జరిగాయి. కబురు రాకపోతే వేగమే లేదనుకోవడం ఇక్కడి లోపం. విద్యుత్ మోటార్లకూ అదే సంక్రమించింది.

కార్లిస్ తరహా ఆవిరి ఇంజన్లలో ఈ లోపానికి చక్కని విరుగుడు కనిపెట్టారు. గుళ్లు మరీ అడుగుకు దిగితే ఆవిరి కవాటాలు అసలు తెరుచుకోకుండా అడ్డుకునే ఏర్పాటు అది. అయితే ఇంజన్‌ను మొదలుపెట్టేటప్పుడూ గుళ్లు అడుగునే ఉంటాయి కనుక, వాటిని కాస్త ఎత్తి ఆపడానికి ఒక మేకు పెట్టేవారు. ఇంజన్ వేగం అందుకున్నాక ఆ మేకు తీయడం మరిస్తే రక్షణ ఉన్నా లేనట్టే. భద్రతా ఏర్పాట్లు ఓడిపోయేది తరచూ ఇలాంటి చోటే.

ఇక విద్యుత్ మోటార్ల సంగతి. డీసీ మోటారు వేగాన్ని జనరేటర్ వోల్టేజీతో మార్చే పద్ధతికి హ్యారీ వార్డ్ లియొనార్డ్ 1891లో పేటెంట్ పొందాడు. గని లిఫ్టులు, రోలింగ్ మిల్లులు దశాబ్దాల పాటు దానిమీదే నడిచాయి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ థైరిస్టర్‌ను తెచ్చాక, తిరిగే జనరేటర్ల స్థానంలోకి క్రమంగా థైరిస్టర్ డ్రైవులు వచ్చాయి. మోటారు ఇరుసుకు తగిలించిన టాకో జనరేటర్ వేగానికి తగ్గ వోల్టేజీని పంపుతుంది. డ్రైవ్ దాన్ని చూసి సరిచేసుకుంటుంది. టాకో తీగ తెగినా, బ్రష్ అరిగినా డ్రైవ్‌కు అందేది సున్నా. వేగం చాలడం లేదని అది ఆర్మేచర్‌కు పూర్తి వోల్టేజీ ఇస్తుంది. టాకో తీగలు తారుమారైతే మరీ ప్రమాదం: వేగం పెరిగే కొద్దీ ఇంకా పెంచమన్న కబురే వెళ్తుంది.

తీగ తెగిందా అని మాత్రమే చూస్తే చాలదు. కప్లింగ్ విరిగినప్పుడు తీగలన్నీ బాగానే ఉంటాయి, టాకో ఒక్కటే తిరగదు. అందుకని ఆర్మేచర్ వోల్టేజీని రెండో సాక్షిగా తీసుకున్నారు. వోల్టేజీ బాగా ఉండి టాకో సున్నా చూపిస్తే డ్రైవ్ ట్రిప్ అవుతుంది, లేదా వోల్టేజీ ఆధారంగానే నడక సాగిస్తుంది. ఆపితే సరుకు పాడయ్యే చోట రెండో దారి నయం. కానీ ఫీల్డ్ తగ్గించి బేస్ వేగం దాటించే మోటార్లకు అది పనికిరాదు. 1000 ఆర్పీఎం బేస్ వేగమున్న మోటారును ఫీల్డ్ తగ్గించి 2000కు తీసుకెళ్తే, రెండు చోట్లా ఆర్మేచర్ వోల్టేజీ దాదాపు ఒకటే. ఆ సాక్ష్యాన్ని నమ్మలేం కనుక అక్కడ ఆపేయడమే పద్ధతి.

1970ల తొలినాళ్లలో సీమెన్స్‌కు చెందిన ఫెలిక్స్ బ్లాష్కే రూపమిచ్చిన వెక్టర్ కంట్రోల్‌తో ఏసీ మోటారుకూ కచ్చితమైన అదుపు దొరికింది. ఇక్కడ లోపం తీరు వేరు. ఇండక్షన్ మోటారు డ్రైవ్ ఎన్‌కోడర్ కొలిచిన రోటర్ వేగానికి స్లిప్‌ను, అంటే రోటర్ వెనకబడే తేడాను, కలిపి ఫ్రీక్వెన్సీ లెక్కిస్తుంది. ఎన్‌కోడర్ సున్నా చూపిస్తే మిగిలేది స్లిప్ ఒక్కటే. కాబట్టి నిలిచి ఉన్న మోటారు విచ్చలవిడిగా పరుగెత్తదు. కరెంటు పరిమితిని తాకుతూ పాకుతుంది. తీగల సంగతి తేల్చడానికి ప్రతి సంకేతంతో పాటు దాని వ్యతిరేక సంకేతాన్నీ పంపుతారు. రెండూ ఒకేలా కనిపిస్తే తీగ తెగినట్టే. ఎన్‌కోడర్ కప్లింగ్ జారితే ఈ పరీక్షకు దొరకదు. దాన్ని పట్టుకోవడానికి మోటారు వోల్టేజీ, కరెంటుల నుంచి లెక్కగట్టిన వేగంతో పోల్చాలి.

ఆ లెక్క మెరుగుపడ్డాక ఎన్‌కోడరే లేని డ్రైవులు పంపులకు, ఫ్యాన్లకు మామూలైపోయాయి. సున్నా వేగం దగ్గర మాత్రం ఇండక్షన్ మోటారు అంచనా తడబడుతుంది. బరువును గాలిలో నిలిపి ఉంచాల్సిన క్రేన్లలో అందుకే ఎన్‌కోడర్ ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ సంకేతం పోయినప్పుడు మోటారుకు కరెంటు కోయడమొక్కటే చాలదు, బరువు జారిపోతుంది. అదే క్షణంలో మెకానికల్ బ్రేక్ కూడా పడేలా కలిపి అమర్చుతారు.