గీజరు చరిత్ర: మంట ఎక్కడ, మనిషి ఎక్కడ?

ఐస్‌లాండ్ దేశంలో ‘గేసిర్’ అనే ప్రసిద్ధమైన వేడినీటి ఊట ఉన్నది. భూగర్భపు వేడిమికి అందులోని నీరు ఉండి ఉండి ఆకాశానికి చిమ్మేది. 1868లో లండన్ నగరంలో, అలంకరణ రంగులు వేసే వృత్తిలో ఉన్న బెంజమిన్ వాడీ మాన్ నీటిని అప్పటికప్పుడు వేడి చేసే గ్యాస్ యంత్రాన్ని రూపొందించి, దానికి ఆ ఊట పేరే పెట్టాడు. మనం నేడు వాడుతున్న ‘గీజరు’ అనే మాట అలా వచ్చినదే.

ఆ యంత్రంలో కింద గ్యాస్ మంట, పైనుండి చన్నీటి ధార. వేడి వాయువుల మధ్య తీగల మీదుగా జారుతూ నీరు కాగేది. సౌకర్యం గొప్పదే కాని, దానికి పొగగొట్టం లేదు. మండగా మిగిలిన వాయువులన్నీ స్నానాల గదిలోనే నిలిచేవి. పైగా నాటి లండన్ గ్యాస్ బొగ్గు నుండి తీసినది కనుక, మండకముందే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండేది.

ఈ వాయువు సంగతి వైద్యశాస్త్రానికి అప్పటికే తెలుసు. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1850లలోనే చూపాడు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ దానిని స్వయంగా పీల్చి లక్షణాలను నమోదు చేశాడు. హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాలక్రమేణా పొగగొట్టం వచ్చింది. అటుపిమ్మట బయటి గాలినే తీసుకొని బయటికే వదిలే మూసిన పరికరాలూ వచ్చాయి.

మన ఇళ్లలో పూర్వం కాగు పెరట్లో కట్టెల పొయ్యి మీద ఉండేది. మంట ఆరుబయట, మనిషి లోపల. గ్యాస్ గీజరును స్నానాల గదిలో బిగించినప్పుడు ఈ రెండూ ఒకే ఇరుకు గదిలో చేరాయి. వంటగ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ లేదు, నిజమే. కాని చలికాలంలో కిటికీ మూసి స్నానం చేస్తుంటే గదిలో ఆక్సిజన్ తగ్గి, మంట అసంపూర్ణమై, ఆ విషవాయువు పుడుతుంది. తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది. గడియ తీయాలన్న ఆలోచన కలిగేలోపే స్పృహ తప్పవచ్చు.

కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇంటివారు మూర్ఛ వ్యాధి అనుకుంటారు. వేలికి తగిలించే ఆక్సీమీటరు సైతం ఆక్సిజన్ సరిగానే ఉన్నట్లు చూపి మోసగిస్తుంది. అందుచేత అటువంటి వేళ ముందుగా తలుపు తెరచి, గ్యాస్ కట్టి, మనిషిని ఆరుబయటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గ్యాస్ గీజరు వాడుతుండగా పడిపోయారని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో సరియైన చికిత్స, అనగా పూర్తి ఆక్సిజన్, ఆలస్యం లేకుండా మొదలవుతుంది.

కొనబోయేవారు ఐఎస్ఐ గుర్తును, మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటును చూడాలి. గీజరును, సిలిండరును గాలి ధారాళంగా ఆడే బయటి చోట ఉంచి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తీసుకోవాలి. నీలిమంట పసుపు రంగుకు మారితే వాడకం ఆపి మెకానిక్‌ను పిలవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నదన్న ధీమా చాలదు. నిమిషానికి ఎన్ని లీటర్లు, వెల ఎంత అన్న లెక్కలు ఆ తరువాతివి. అద్దె ఇంట్లో ఉన్నవారు, గీజరు ఇప్పటికే లోపల బిగించి ఉంటే, దానిని బయటికి మార్పించమని ఇంటి యజమానిని ఈ చలికాలం రాకముందే అడగండి.