వేట ఎవరిది, వేటు ఎవరి మీద? - 'నాయాట్టు' సినిమా, మన కేసుల చరిత్ర



మొన్న ఒక హాస్టల్లో పిల్లలతో కలిసి మలయాళం సినిమా 'నాయాట్టు' మళ్ళీ చూశాను. నాయాట్టు అంటే వేట. అయిపోయాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఏడుపొచ్చింది. కానీ ఇది మన వైపు సినిమానా, మన మీద తీసిన సినిమానా?" ఆ రాత్రి నేను చెప్పింది సగం జవాబే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 2021లో వచ్చింది. దర్శకుడు మార్టిన్ ప్రక్కాట్. కథ రాసిన షాహీ కబీర్ స్వయంగా పోలీసు ఉద్యోగం చేసినవాడు. మణియన్, ప్రవీణ్, సునీత ఒకే స్టేషన్లో చిన్న ఉద్యోగులు. ఒక రాత్రి పెళ్ళి నుంచి తిరిగొస్తుంటే వాళ్ళ జీపు తగిలి ఒక దళిత యువకుడు చనిపోతాడు. జీపు నడిపింది వాళ్ళు కాదు, మణియన్ మేనల్లుడు. కానీ అది ఉపఎన్నికల సమయం. దళిత సంఘం రోడ్డెక్కుతుంది. ఓట్లు పోతాయని ముఖ్యమంత్రి ముగ్గురినీ పట్టుకు రమ్మంటాడు. నిన్నటిదాకా సెల్యూట్ కొట్టిన డిపార్ట్‌మెంటే వాళ్ళను కొండల్లో వెంటాడుతుంది. మణియన్ ఉరేసుకుంటాడు.

ఇందులో నిజం ఉంది. ముందు దాన్ని ఒప్పుకుందాం. పై అధికారి చెప్పినట్టు చేయడం, తేడా వస్తే బలి కావడం కానిస్టేబుల్ బతుకులో ఉన్నదే. కేరళ చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1970 ఫిబ్రవరిలో వయనాడ్‌లో నక్సలైట్ నాయకుడు వర్గీస్ 'ఎన్‌కౌంటర్'లో చనిపోయాడన్నారు. 1998లో రామచంద్రన్ నాయర్ అనే మాజీ కానిస్టేబుల్ బయటికొచ్చి, పట్టుబడ్డ వర్గీస్‌ను పై అధికారుల ఆజ్ఞ మీద నేనే కాల్చానని ఒప్పుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. ఆ ఒప్పుకోలుతోనే కేసు కదిలి, 2010లో సీబీఐ కోర్టు ఐజీగా రిటైరైన లక్ష్మణకు యావజ్జీవం వేసింది. 2003 ఫిబ్రవరిలో ముత్తంగలో భూమి కోసం కూర్చున్న ఆదివాసులను ఖాళీ చేయించినప్పుడు చనిపోయింది ఇద్దరు: ఒక ఆదివాసి, ఒక పోలీసు. భూమి ఇస్తామని మాట తప్పిన వాళ్ళలో ఒక్కరికీ గీత పడలేదు.

కాబట్టి మణియన్ కోసం ఏడ్చిన తమ్ముడు తప్పు చేయలేదు. పారిపోతున్న ఆ పోలీసుల్లోనూ దళితులున్నారు. ఆ కన్నీళ్ళు నావి కూడా.

ఇక రెండో సగం. ఈ వేటకు డప్పు కొట్టేది ఎవరని సినిమా చూపిస్తోంది? దళిత సంఘాన్ని. స్టేషన్‌కొచ్చి దబాయించేది వాళ్ళు, నిందితుణ్ణి విడిపించుకుపోయేది వాళ్ళు, ముఖ్యమంత్రిని గడగడలాడించేది వాళ్ళు. అంత పలుకుబడి ఉన్న దళిత సంఘం కేరళలో ఎక్కడుంది? నాకు తెలిసిన కేరళ వేరు. 2009లో వర్కలలో ఒక హత్య జరిగితే, దళిత్ హ్యూమన్ రైట్స్ మూవ్‌మెంట్ అనే సంస్థ మీద తీవ్రవాద ముద్ర వేసి దళిత కాలనీల మీద పోలీసులు పడ్డారు. 2017లో త్రిశూర్ జిల్లాలో 19 ఏళ్ళ దళిత కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళి కొట్టి వదిలారు. మర్నాడు ఇంట్లో ఉరేసుకున్నాడు. ఆ కుర్రాడి కోసం ఏ ముఖ్యమంత్రీ పోలీసులను కొండల్లో తరమలేదు.

సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు "అట్రాసిటీ కేసులంటే ఇంతే" అంటారు. అనడం నేను విన్నాను. అందుకే ఆ చట్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో మనం గుర్తుపెట్టుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ నెత్తుటి నుంచి దళిత మహాసభ పుట్టింది. అలాంటి నెత్తుళ్ళ తర్వాతే 1989లో పార్లమెంటు ఈ చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకే చుండూరు జరిగింది.

చుండూరు ఎక్కడ మొదలైందో తెలుసా? సినిమా హాల్లో. చదువుకున్న మాల కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. మాలలకు కూలి పనులు బందయ్యాయి. ఊళ్ళోకి పోలీసులు వచ్చారు. ఆ పోలీసులు ఉండగానే 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని పొలాల్లో వెంటాడి నరికి, గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. అసలైన నాయాట్టు అది. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

విద్యార్థులు చట్టం పుస్తకం తెరిచి చదవండి. సెక్షన్ 3 ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు చేసే నేరాల గురించి. దళిత కానిస్టేబుల్ మీద అది చెల్లదు. సెక్షన్ 4 చూడండి: ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని తన విధిని విడిచిపెడితే శిక్ష. అంటే కేసు రాసుకోని పోలీసు కూడా నేరస్థుడే. ఈ సెక్షన్ మీద సినిమా ఎవరు తీశారు? 2018 మార్చి 20న 'దుర్వినియోగం' అనే మాట మీదే సుప్రీంకోర్టు అరెస్టులకు అడ్డుకట్ట వేసింది. ఏప్రిల్ 2న దేశం బందయింది, ప్రాణాలు పోయాయి. తర్వాతే పార్లమెంటు సవరణ తెచ్చింది. 2019లో కోర్టు తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది.

ఇదే కథ 2023 నవంబరులో 'కోటబొమ్మాళి పీఎస్'గా తెలుగులోకి వచ్చింది. శ్రీకాంత్ నటించాడు. కోటబొమ్మాళి శ్రీకాకుళం జిల్లా. అప్పట్లో అదే జిల్లాలో ఉన్న లక్షింపేటలో 2012 జూన్ 12న, మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి దున్నుకున్నందుకు దాడి చేసి ఐదుగురు దళితులను పొట్టనపెట్టుకున్నారు. పోలీసు కథకు ఆ జిల్లా గుర్తొచ్చింది. లక్షింపేట గుర్తు రాలేదు.

తమ్ముడికి నా పూర్తి జవాబు ఇది. మణియన్‌ను చంపింది దళిత సంఘం కాదు. ఓటు లెక్క వేసుకున్న ముఖ్యమంత్రి, ఆ లెక్కకు తలూపిన అధికారులు. ఆ సంగతి సినిమాకూ తెలుసు. కానీ ప్రేక్షకుడి కోపం పైదాకా పోకుండా మధ్యలో మన జెండా దగ్గర ఆగేలా తీశారు. మంచి నటన ఉన్న సినిమా కాబట్టే ఈ మాట గట్టిగా చెప్పాలి. సినిమా చూడండి, మణియన్ కోసం ఏడవండి, మన మీద వేసిన నింద మాత్రం మోయకండి.

చివరగా ఒక పని. బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక చిన్న పుస్తకం రాశారు. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి వచ్చిన మనిషి ఆయన. స్టేషన్ గడప తొక్కడానికి భయపడే మన పల్లెకు హక్కులు నేర్పిన పుస్తకం అది. వచ్చే ఆదివారం ఆ హాస్టల్లోనే కూర్చుని దాన్ని చదువుతున్నాం. మీ హాస్టల్లో కూడా చదవండి.

జై భీమ్.