విశ్వనాథ నవలలు – మన కాలం లెక్క

గుడివాడలోగానీ, బందరులోగానీ, దివిసీమలోగానీ చదివే అలవాటున్నవాళ్లు నలుగురు కూర్చుంటే విశ్వనాథ సత్యనారాయణ పేరు రాకుండా ఉండదు. మాటా మాటా పెరగకుండానూ ఉండదు. ఆయన ఈ నేలవాడే. 1895లో నందమూరులో పుట్టారు. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యుడు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చారు.

‘ఏకవీర’ దగ్గర పెద్దగా తగాదా లేదు. మధుర నాయకరాజుల కాలంలో ఇద్దరు స్నేహితులు, ఒకరు ప్రేమించిన పిల్లను మరొకరు తెలియక పెళ్లాడిన కథ అది. చదివినవాళ్లు మరిచిపోరు. ‘పురాణవైర గ్రంథమాల’ దగ్గరకొచ్చేసరికి పాఠకులు రెండుగా చీలిపోతారు. పాశ్చాత్యులు మన రాజవంశాల కాలాన్ని తారుమారు చేశారనీ, పురాణాల లెక్కే సరైనదనీ చెప్పడానికి ఆయన 12 నవలలు రాశారు. ‘తెల్లవాళ్లు రాసిందే వేదమా అని అడిగిన మొనగాడు’ అంటారు కొందరు. ‘శాసనాలనూ నాణేలనూ పక్కనపెట్టి కథను చరిత్ర అంటే ఎలా? ఇదంతా వర్ణధర్మాన్ని నిలబెట్టడానికే’ అంటారు మరికొందరు.

మేమూ చదివాం. భాష కష్టపెట్టింది, కథ లాక్కుపోయింది. కానీ మా ప్రశ్న వేరు. ఈ తగాదాలో ఒకవైపు పురాణం, మరోవైపు శాసనం. రెండూ లెక్కపెట్టేది రాజులనే.

‘కడిమిచెట్టు’ కదంబ మయూరశర్మ కథ. పల్లవులతో వైరం పెట్టుకున్న మయూరశర్మ శ్రీపర్వతం దాకా ఉన్న అడవిని పట్టుకుని పోరాడాడని తాళగుంద శాసనం చెబుతుంది. శ్రీపర్వతమంటే శ్రీశైలం, ఈనాడు చెంచులుంటున్న నల్లమల. ఆ అడవిలో అతనికి దారి చూపిందెవరు? నీటిజాడ చెప్పిందెవరు? శాసనం చెప్పదు. శాసనం ఊరుకున్నచోటే నవలకు పని. ఏ చారిత్రక నవల తెరిచినా మేము వెతికేది ఆ మనిషినే.

అయినా విశ్వనాథను మేము పక్కకు నెట్టం. పరాయివాడు కట్టిన కాలం లెక్కను ఒప్పుకోనక్కర్లేదన్నది ఆయనే. ఆ హక్కు ఆయనకుంటే మాకూ ఉంది. ఆయన్ని అడిగే హక్కు కూడా.

దివిసీమలో యానాది ముసలమ్మను వయసడిగితే సంవత్సరం చెప్పదు. ‘ఉప్పెననాటికి చంకలో పిల్లోడున్నాడు’ అంటుంది. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అంతకుముందు 1864 నవంబరు 1న బందరును ముంచింది మరో ఉప్పెన. ఎరుకల ఇళ్లలో ఠాణాకు వెళ్లి హాజరు వేయించుకున్న రోజులు ఇంకో లెక్క. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

ఈ లెక్కలు ఏ పురాణంలోనూ లేవు, ఏ శాసనంలోనూ లేవు. మన ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. వాళ్లు పోకముందే మనం రాసుకోవాలి. రాశాక మన పుస్తకం మీదా పాఠకులు తలో మాటా అంటారు. అననివ్వండి. ముందు పుస్తకమంటూ ఉండాలి కదా!