నవ్వు వినపడని గది

విజయవాడ పున్నమ్మతోటలోని మన ఆకాశవాణి కేంద్రం గురించి ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమంటే ముందుగా అక్కడ పనిచేసినవాళ్ళ పేర్ల పట్టికే గుర్తొస్తుంది. అది ఎవరో ఒకరు రాయాలి, రాస్తారు కూడా. నాకు మాత్రం ఒక గది గురించి రాయాలని ఉంది, నాటకాల స్టూడియో గురించి. దానికి వరసగా రెండు బరువు తలుపులు. గోడలకు చిల్లుల అట్టలు, కింద మందపాటి తివాచీ. లోపల చప్పట్లు కొడితే మన చేతులే పరాయివేమో అనిపిస్తుంది. మాట పెదవి దాటగానే ఆరిపోతుంది. అలాంటి గదిలో నిలబడి మనవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళను నవ్వించారు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకు పదేళ్ళ ముందే, 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం వచ్చాక, తెలుగు నాటకం గాలిలోకి ఎక్కింది. అక్కణ్ణించి వచ్చిన తొలి తెలుగు నాటకం ముద్దుకృష్ణ రాసిన ‘అనార్కలి’. అందులో సలీం దేవులపల్లి కృష్ణశాస్త్రి! భావకవికి ప్రేమికుడి వేషం ఇవ్వడంలో వింతేముంది? పైగా కిరీటం, మీసం అద్దెకు తేనక్కర్లేదు.

కంసుణ్ణి హడలగొట్టిన ఆకాశవాణి భాగవతంలో ఉంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆకాశవాణి అంటే తెల్లవారితే భక్తిరంజని, పొద్దుగూకితే రైతుల కార్యక్రమం, వార్తలు, ఆ తర్వాత ప్రసంగం, కొన్ని రాత్రులు నాటకం. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి తెచ్చుకున్న పెట్టె అది. దాని మీద అమ్మ కుట్టుపని చేసిన గుడ్డ ఉండేది. ప్రసంగం వచ్చే వేళకు అన్నాలు వడ్డించేవారు. నాటకం మొదలయ్యేసరికి అందరూ చేతులు కడుక్కుని అరుగు మీదకు చేరాలి. పాపం, ప్రసంగకర్తలకు ఈ సంగతి తెలియదు. పెద్దయ్యాక నేనూ ప్రసంగాలు చేశాను కనుక, నా పది నిమిషాల్లో ఎన్ని ఇళ్ళలో పప్పు వడ్డించారో ఊహించగలను.

ఆ పది నిమిషాలే నాకు తెలుగు నేర్పాయి. మొదటిసారి పత్రికకు రాసినట్టు రాసుకెళ్ళాను. రిహార్సల్లో ఒక పొడుగాటి సమాసం దగ్గర ఊపిరి అందలేదు. వాక్యం కర్త దగ్గర బయల్దేరి క్రియ దగ్గరకు చేరేలోగా వినేవాడు కర్తను మరిచిపోతాడని అక్కడి పెద్దాయన ఒకరు చెప్పి, పెన్సిలుతో నా వాక్యాన్ని మూడు ముక్కలు చేశారు. చదివేవాడు కన్ను వెనక్కి తిప్పుకోగలడు, వినేవాడి చెవికి ఆ వీలు లేదు.

నాటకానికి వస్తే, వేదిక అంతా మైకు చుట్టూ జానెడు, బారెడు దూరాల్లోనే ఉంటుంది. జానెడు దూరంలో మాట్లాడితే గుసగుస. రెండడుగులు వెనక్కి వేస్తే వసారా. ఆ పాత రిబ్బను మైకుకు ముందూ వెనకా చెవులే, పక్కలకు మాత్రం చెవుడు. అందుకని ఇద్దరు నటులు దానికి అటొకరు, ఇటొకరు ఎదురెదురుగా నిలబడేవారు. ఒక పాత్ర ఇల్లు విడిచి వెళ్ళిపోవాలంటే నటుడు మాట్లాడుతూ మెల్లగా ఆ చెవిటి పక్కకు జరిగితే చాలు. గుర్రం రావాలంటే కొబ్బరి చిప్పలు, ఉరుముకు రేకు. కాగితాలు పిన్ను తీసి విడివిడిగా పట్టుకోవాలి, తిప్పేటప్పుడు చప్పుడు కాకూడదు. టేపు రాకముందు ఇదంతా అప్పటికప్పుడే జరిగేది. ఎర్రదీపం వెలిగాక దగ్గొస్తే మింగుకోవాల్సిందే.

అన్నిటికన్నా కష్టం హాస్యానిదే. రంగస్థలం మీద జనం నవ్వుతారు, నటుడు ఆగుతాడు, నవ్వు తగ్గాక అందుకుంటాడు. స్టూడియోలో నవ్వేవాడు లేడు. ఎదురుగా ఉన్న నటులు నవ్వితే ప్రసారం పాడవుతుంది, అద్దం వెనక ప్రయోక్త నవ్వినా అది ఇవతలకు వినపడదు. ఎక్కడో తెనాలి దగ్గర ఒక అరుగు మీద నవ్వు ఎంతసేపు ఉంటుందో నటుడు లోపలే లెక్కకట్టుకుని అంతసేపే ఆగాలి. తక్కువ ఆగితే తర్వాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది, ఎక్కువ ఆగితే సెట్టు చెడిపోయిందని ఇంట్లో ఎవరో లేచి మీట తిప్పుతారు. తెలివైన రచయితలు చమత్కారం వెనకాలే, పోయినా ఫర్వాలేని మాట ఒకటి వేసేవారు. ‘అవునూ’, ‘ఏమిటోనండీ’ లాంటివి. పుస్తకంలో అవి వ్యర్థపదాలు, రేడియోలో నవ్వుకోవడానికి ఇచ్చిన వ్యవధి.

ఈ లెక్క మన కేంద్రం నటుడు నండూరి సుబ్బారావుగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. సి. రామమోహనరావు, సీతారత్నమ్మ వంటి గొంతులు ఆ రోజుల్లో మాకు బంధువులే. వేదిక మీద పద్యాలకు పేరుపొందిన బందా కనకలింగేశ్వరరావుగారు ఇక్కడ నాటక ప్రయోక్తగా పనిచేశారు. పెద్ద హాలుకు అలవాటుపడ్డ గొంతును జానెడు దూరానికి తగ్గించుకోవడం చిన్న విద్య కాదు. చిలకమర్తివారి ‘గణపతి’ని చదివిన నవలగా కంటే విన్న నాటకంగా గుర్తుపెట్టుకున్నవాళ్ళే నాకు ఎక్కువమంది తగిలారు. ‘కన్యాశుల్కం’ సంగతీ అంతే. పూర్తిగా ఆడితే రాత్రి చాలని నాటకం అది. రేడియోకు కుదించినప్పుడు గిరీశం చుట్టపొగ కూడా గొంతులోనే కనిపించాలి.

మరి అవన్నీ ఇప్పుడు ఉన్నాయా? కొన్ని ఉన్నాయి. స్పూలు టేపు ఖరీదైనది కనుక ఒకటి చెరిపి దాని మీదే ఇంకొకటి ఎక్కించడం ఆకాశవాణిలో అప్పట్లో మామూలుగా జరిగేది. అలా పోయినవి పోగా, కొన్ని శ్రోతల ఇళ్ళలో మిగిలాయి. రేడియో పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకున్న కాసెట్లు. మా అటక మీద కూడా ఒకటి దొరికింది, మా నాన్న పట్టిన ‘గణపతి’. అందులో మా వంటింటి గిన్నెల చప్పుడు, వీధిలో సైకిలు బెల్లు, ఒకచోట మా నాన్న నవ్వూ ఉన్నాయి. నటుడు సరిగ్గా ఆగాడు గానీ మా నాన్న ఆ లెక్కకు లొంగలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు కింద ఏ మాట పోయిందో ఎన్నిసార్లు వేసి విన్నా నాకు అంతుపట్టలేదు.