కుట్టని తేనెటీగలకు పెరటి తోటే ఆధారం

కేరళలోని పాత ఇళ్ల గోడ పగుళ్ల నుంచి, చెట్టు తొర్రల నుంచి సన్నని గొట్టం ఒకటి బయటకు పొడుచుకొని కనిపిస్తుంది. మైనాన్ని చెట్ల జిగురుతో కలిపి కట్టిన ఆ గొట్టమే కుట్టని తేనెటీగల గూటికి వాకిలి. టెట్రగొనులా ఇరిడిపెన్నిస్ అనే ఈ జాతి ఈగ పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లే. దీని తేనెను మలయాళీలు 'చెరుతేన్' అంటారు. చిన్న తేనె అని అర్థం. తెలుగు ప్రాంతాలలోనూ ఈ ఈగలున్నాయి. గూడు కదిపితే జుట్టులో దూరి కొరుకుతాయి గాని కుట్టలేవు. అందుకే పిల్లలున్న ఇంట్లోనూ వీటిని నిర్భయంగా పెంచవచ్చు.

మట్టికుండ, వెదురు బొంగు, చిన్న చెక్కపెట్టె, ఏదైనా వీటికి నివాసమే. చూరు కింద నీడన, చీమలు చేరని చోట వేలాడదీస్తే చాలు. అసలు చిక్కు ఆహారంతోనే. ఈ ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. కాబట్టి మన పెరడు, పొరుగువారి పెరడు కలిసి ఏడాది పొడవునా వాటిని పోషించాలి.

ఇందులో కొబ్బరిది మొదటి స్థానం. ఏ కాలంలోనైనా ఏదో ఒక గెలలో పుప్పొడి దొరుకుతుంది. మునగ, జామ, నిమ్మ, కరివేపాకు తమ తమ రుతువుల్లో పూస్తాయి. తులసి వెన్నులను పూయకముందే తుంచివేయడం చాలా ఇళ్లలో అలవాటు. రెండు మొక్కలనైనా ఈగల కోసం వదిలిపెట్టడం మంచిది. కలుపుగా పీకివేసే అత్తిపత్తి సైతం పుప్పొడినిస్తుంది. ముద్ద మందారం కంటికి ఇంపే గాని, కేసరాలు చాలావరకు రెక్కలుగా మారిపోవడంతో ఈగకు దక్కేది స్వల్పం. రెక్క మందారమే మేలు.

ఒక చెట్టు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వీధుల వెంట ఎర్రగా పూసే ఆఫ్రికన్ తులిప్, అంటే మొగ్గ నొక్కితే నీరు చిమ్మే ఆ చెట్టు పూలలో ఈ ఈగలు చచ్చి పడి ఉండడం తరచుగా కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని శాంతా కతరినా రాష్ట్రం స్థానిక తేనెటీగల రక్షణకై 2019లో ఈ చెట్టు పెంపకాన్ని నిషేధించింది. ఇక పురుగుమందు తప్పనిసరైతే, ఈగలు గూటికి చేరిన తరువాత, పొద్దుగూకాకనే చల్లాలి. ఈ సంగతి పొరుగువారికీ చెప్పడం అవసరం.

ఈ తేనెలో పులుపు, నీటి శాతం ఎక్కువ, త్వరగా పులుస్తుంది. ఆయుర్వేద వైద్యంలో దీనికి గిరాకీ ఉండడంతో మామూలు తేనె కన్నా ఎక్కువ ధర పలుకుతుంది. అయితే ఒక గూటి నుంచి ఏడాదికి అరకిలో వస్తే గొప్పే. ఆ ధర చూసి కుండలన్నీ ఖాళీ చేసేవారున్నారు. జూన్‌లో వానలు మొదలైతే పూత తగ్గుతుంది, ఈగలు రోజుల తరబడి గూడు దాటలేవు. వేసవిలో తేనె తీసేటప్పుడు కొన్ని కుండలను ముట్టకుండా వదిలిన గూడే ఓణం నాటికి నిలిచి ఉంటుంది.