గుత్తికోయలు మనవాళ్లే



2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడ్డాయి. ఆదివాసీలు వేలల్లో సరిహద్దు దాటి భద్రాచలం, చింతూరు వైపు వచ్చారు. మిర్చి చేలల్లో కూలి దొరికింది గానీ కాగితం దొరకలే. ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. అటవీ హక్కుల చట్టమేమో 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే సాగులో ఉండాలంటది. తర్వాత వచ్చినోళ్లకు పోడు పట్టా ఎట్లొస్తది?

2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ కేసు వేసిన ముగ్గురిలో విశాఖలో ఉండే ఇ.ఏ.ఎస్. శర్మ ఒకరు. తీర్పొచ్చినా గుడిసెకు భరోసా రాలే.

భద్రాచలంలో చదువుకునే మనకు కోయ భాషా వచ్చు, దరఖాస్తు రాయడమూ వచ్చు. వాళ్లతో ఐటీడీఏ ఆఫీసు మెట్లెక్కాల్సింది మనమే.