కిన్నెరసాని చెంత చమురుకు కట్టిన గట్లు

గోదావరికి వరద వచ్చినపుడు భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు దాటినదా, 48 దాటినదా, 53 దాటినదా యని రేడియో చెంత చెవియొగ్గి వినుట మన ఇండ్లలో పరిపాటి. ఆ మూడంకెలు మూడు ప్రమాద సూచనలు. 1986 ఆగస్టులో ఆ నీరు 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71 అడుగులు మించినది. నీటి కొలతను ఇంత శ్రద్ధగా వినెడు మనము, ఆ నీటిపై తేలివచ్చుటకు వీలున్న మరియొక వస్తువును గూర్చి అంతగా విచారింపలేదు. అది చమురు.

బొగ్గుగనుల సీమకు చమురుతో పనియేమి యని శ్రోతలు శంకింపవచ్చును. ఈ కథ బొగ్గుతోనే ఆరంభమైనది. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆనాటి గనులలో మనుష్యుల కండబలము, ఆవిరియంత్రము ప్రధానములు. చమురు దీపములకును, యంత్రముల కీళ్లకును మాత్రమే వలసియుండెను.

పాల్వంచయందు కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రము వెలసిన నాటినుండి పరిస్థితి మారినది. 1966లో 60 మెగావాట్ల మొదటి యూనిట్ పనిచేయనారంభించెను. దానికి నీరిచ్చుటకే కిన్నెరసానికి ఆనకట్ట కట్టిరి. ఇచట ఒక సాంకేతిక రహస్యము కలదు. పిండివలె నూరిన బొగ్గు చల్లని కొలిమిలో తనంత తానుగా అంటుకొనదు. పొయ్యి రాజేయుటకు మన ఇల్లాండ్రు కిరసనాయిలు చుక్క వేసినట్లే, బాయిలరును మొదట చమురుతో మండించి, వేడి పుట్టిన పిదప బొగ్గును చిమ్ముదురు. మంట తడబడినపుడు మరల చమురే ఆదుకొనవలెను. అందుచే బొగ్గు కేంద్రముల ప్రక్కనే చమురు తొట్టెలు నిలిచినవి. ట్రాన్స్‌ఫార్మర్లలో చల్లదనమునకై నూనె నింపిరి. ఉపరితల గనులు వచ్చిన పిమ్మట బొగ్గు మోయు భారీ లారీలకు డీజిల్ నిలువలును, మరమ్మతు శాలలును తోడైనవి.

కిన్నెరసాని బూర్గంపాడు సమీపమున గోదావరిలో కలియును. దాని జలాశయమున మొసళ్లు కలవు. చుట్టునున్న అడవి 1977లో వన్యప్రాణి అభయారణ్యమైనది. వేసవిలో వాగు ఎండినపుడు ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొను కోయపల్లెలు ఈ సీమయందు కలవు. ఆ ఇసుకలో డీజిల్ ఇంకినచో ఏమగును? డీజిల్ పలుచనిది, వెంటనే నేలలోనికి దిగును. ఇసుక రేణువులను అంటి, వానవానకును కొంచెము కొంచెముగా ఊటలో కలియుచుండును. ఫర్నేస్ ఆయిల్ చిక్కనిది, కాచిననే గాని పారదు. అది వాగులో పడినచో జిగటగా ముద్దకట్టి, రెల్లు మొదళ్లను, పక్షుల రెక్కలను పట్టుకొనును.

చమురు ఎంత దూరము పరచుకొనగలదో 18వ శతాబ్దమున అమెరికా వాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరీక్షించెను. లండన్ చెంతనున్న చెరువులో ఒక చిన్న చెంచాడు నూనె పోయగా, అది సుమారు అర ఎకరము మేర వ్యాపించి అలలను అణచినదట. చెంచాకే అర ఎకరమైనపుడు తొట్టె మాట చెప్పనేల?

2020 మే నెలలో రుష్యాదేశపు ఉత్తరభాగమున నొరిల్స్క్ పట్టణము వద్ద ఒక థర్మల్ కేంద్రపు డీజిల్ తొట్టె కూలినది. సుమారు 20 వేల టన్నుల చమురు వెలువడి, అందులో అధికభాగము నదులలోనికి పోయినది. నది నీరు ఎఱ్ఱబారినది. మనకు మరింత దగ్గరి పాఠము 2023 డిసెంబరుది. మిగ్జాం తుఫాను వానలకు చెన్నై ఉత్తరమున పారిశ్రామికవాడలోని చమురు వరదనీటితో కూడి ఎన్నూరు కయ్యలోనికి చేరి, జాలరుల పడవలను, వలలను, మడ చెట్లను నల్లగా ముంచినది. అచట చమురును మోసికొనిపోయినది వరదయే. గోదావరి తీరవాసులు మరువరాని సంగతి ఇది.

నివారణోపాయములు గొప్ప విద్యలేమియు గావు. తొట్టె చుట్టును నీరింకని గట్టు కట్టవలెను. ఆ ఆవరణలోని మిక్కిలి పెద్ద తొట్టెలోని చమురంతయు పట్టి, ఇంకను పదవవంతు చోటు మిగులవలెనని పలు దేశముల వాడుక. గట్టులోపల నిలిచిన వాననీటిని వదలుటకు ఒక కవాటముండును. అది సదా మూసియుండవలెను. నీటిపై చమురు లేదని చూచిన పిమ్మటనే తెరచి, వెంటనే మరల మూయవలెను. అది తెరచియున్నచో ఎంతటి గట్టైనను చిల్లికుండయే. ట్రాన్స్‌ఫార్మరు క్రింద గులకరాళ్లు పరచిన గుంట త్రవ్వుదురు. కారిన నూనె రాళ్ల సందులలోనికి దిగగా మంటకు బలము తగ్గును. 2024 జూన్‌లో మణుగూరు ప్రాంతపు భద్రాద్రి థర్మల్ కేంద్రమున పిడుగుపాటుకు ట్రాన్స్‌ఫార్మరు దగ్ధమగుట చూచితిమి గనుక ఇట్టి ఏర్పాటు అవసరము వేరుగా చెప్పనక్కరలేదు.

మురుగుకాలువ చివర మరియొక తొట్టె కట్టుదురు. పులుసుపై నూనె తేలినట్లు అందులో చమురు పైకి తేలును. అడ్డుగోడ క్రిందుగా నీరు మాత్రమే వెలికిపోవును. అట్లు పోవు నీటిలో నూనె, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు సాధారణ ప్రమాణము. అప్పటికిని చమురు వాగు చేరినచో తేలు కంచెలతో అడ్డగించి, పైపొరను తోడవలెను. మన అడవిలోని బూరుగు దూది నీటిని చేరనీయక నూనెను మాత్రమే పీల్చుకొనును. సబ్బుమందులు చల్లి చమురును కనబడకుండ చేయుట మాత్రము పరిష్కారము గాదు. 1967లో టోరీ కానియన్ అను ఓడ చమురు ఆంగ్లతీరమును తాకినపుడు చల్లిన మందులే జలజీవులకు చమురును మించిన కీడు చేసినవి.

చట్టములు క్రమముగా వచ్చినవి. 1974లో జలకాలుష్య నివారణ చట్టము, భోపాల్ దుర్ఘటన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము, 1989లో ప్రమాదకర రసాయనముల నిబంధనలు పుట్టినవి. ఆపద వేళ ఎవరేమి చేయవలెనో ముందుగనే వ్రాసియుంచుట పెద్ద నిలువలు గల కర్మాగారములకు విధియైనది.

పాల్వంచలోని పాత యూనిట్లు మూతపడినవి. వాని శీతల గోపురములు 2024 ఆగస్టులో కూల్చబడినవి. యంత్రములకు ఆయుర్దాయము కలదు, నేలలో ఇంకిన చమురు అంత త్వరగా పోదు. ఎట్టి కేంద్రమును విప్పునపుడైనను, దాని గొట్టములలో, తొట్టెలలో, మట్టిలో మిగిలిన చమురును ముందుగా లెక్క చూడవలెను. ట్రాక్టరు నుండి తీసిన పాడునూనెను వాగు గట్టున పారబోయు మనము కూడ ఈ లెక్కలోని వారమే. భద్రాచలము వద్ద అడుగుల లెక్క వినునపుడు, ఎగువనున్న గట్లు గట్టిగా ఉన్నవా, కవాటములు మూసియున్నవా యని కూడ అడుగుట నేర్చుకొందము.